పీడీ సార్ రాసిన నోట్సు

మా పీడీ సార్ పోయిండని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. డిగ్రీల మాకు కబడ్డీ నేర్పిన సార్. గుండె ఆగిందట. గసుంటి వార్త వింటే ఏడ్పు రావాలె. నాకు మాత్రం ముందుగాల మా కంప్యూటర్స్ హెచ్‌ఓడీ మొఖం యాదికొచ్చి పండ్లు కొరుక్కున్న. ఎందుకో చెప్తా, వినుండ్రి.

అమీర్‌పేటల గోడ కనపడకుండ కంప్యూటర్ కోర్సుల బోర్డులు కట్టిన రోజులవి. మా కాలేజీ పంజాగుట్టల. బోరబండ నుంచి బస్సుల వచ్చి, పొద్దున్నే గ్రౌండుల ఆడి, క్లాసుల కూసుంటే కండ్లు మూతలు పడేవి. అది చూసి సార్ ప్రాక్టీసు అర్ధగంట తగ్గించిండు. ఇంటికాడ ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి, తినిపిచ్చి క్లాసుకు తోలేటోడు. "మోకాలు దోక్కపోతే మందు రాస్తం బిడ్డా, సబ్జెక్టు పోతే ఏం రాస్తం?" అనేటోడు.

సెకండియర్ల మాకు టోర్నమెంట్ల మీద టోర్నమెంట్లు. ఆటకు పోయిన రోజులకు హాజరు ఇయ్యమని సార్ లెటర్ రాసి హెచ్‌ఓడీ చేతికే ఇచ్చిండు. ముట్టినట్టు కాపీ మీద సంతకం మాత్రం తీస్కోలేదు. మేం కప్పు పట్టుకొని వచ్చేసరికి అన్ని రోజులూ ఆబ్సెంటే. నా హాల్ టికెట్ ఆపిండ్రు.

"లెటరేంటండీ? నాకేం రాలేదే," అన్నడు హెచ్‌ఓడీ, సార్ మొఖం మీదనే. నా దిక్కు తిరిగి, "అయినా కబడ్డీ ఆడేవాళ్ళకి సాఫ్ట్‌వేర్ ఎందుకమ్మా?" అని నవ్విండు.

నా ఏడాది గంగల కలిసింది. మా నాయన చదువు బంజేయమన్నడు. సార్ మా ఇంటికొచ్చి, ఏసిన కుర్చీల సుత కూసోకుండ, "తప్పు నాదే. సంతకం తీస్కోకుండ నమ్మిన. పిల్లను జర చదువనీయుండ్రి," అని బతిమిలాడిండు.

అటెన్క మేం ఎప్పుడు ఆటకు పోయినా మా వెంట ఇంకో కోచ్‌ను తోలి, సార్ మా క్లాసుల ఆఖరి బెంచీల కూసునేటోడు. ట్రాక్ సూట్ల, మెడల విజిల్‌తోని. ఒక్క ముక్క సమజ్ కాకున్నా బోర్డు మీదిది ఉన్నదున్నట్టు దించేటోడు. లెక్చరర్ రాసి కొట్టేస్తే, తను సుత రాసి కొట్టేసేటోడు. "ఏంటండీ, మళ్ళీ డిగ్రీ చదువుతున్నారా?" అని హెచ్‌ఓడీ అంటే క్లాసంత నవ్విందట. సార్ తల ఎత్తలేదట. ఆ నోట్సు చదివే నేను పాసయి ఉద్యోగంల చేరిన.

మొన్న ఆదివారం కాలేజీల సంతాప సభ పెట్టినం. నడిపిచ్చేది నేనే. రిటైరైన హెచ్‌ఓడీ ఇస్త్రీ చొక్కా ఏస్కొని, రాసుకున్న కాయితం పట్టుకొని వచ్చిండు.

"నేనూ రెండు ముక్కలు మాట్లాడతానమ్మా. ఆటల పిల్లల చదువుల కోసం మేమిద్దరం ఎంత కష్టపడ్డామో."

ఇద్దరట! నా ఒళ్ళు మండింది. సార్ ఉంటే, "పోనీ బిడ్డా, పెద్దాయన," అనేటోడు. సార్ లేడు, నేనున్న. ఇన్నేండ్ల సంది ఈ రోజు కోసమే ఉన్న.

మైకు ఇయ్యలే. అందులనే అడిగిన. "ఆ లెటర్ మీకు ముట్టిందా లేదా, అది చెప్పి మాట్లాడుండ్రి సార్."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అన్నడు మెల్లగ.

"అట్లయితే పోయి రాండ్రి."

కాయితం మడిచి జేబుల పెట్టుకొని బయటికి నడిచిండు. నాకు జరంత సుత పాపమనిపియ్యలే. కిటికీల నుంచి చూసిన. ఎర్రటి ఎండల, గ్రౌండుల పిల్లలు కొత్తగ గీసుకున్న సున్నం గీతలు తొక్కకుండ, కోర్టు చుట్టూ తిరిగి పోతుండు ముసలాయన. గేటు దాటేదాంక నేను మైకు కింద పెట్టలే.