తొంభై రెండు దగ్గర మరిగిన నీళ్లు

కనిషాయ్ సారిబులాక్ బడికి వచ్చిన కొత్తలో ఎవరికీ ఏ తలనొప్పీ తెచ్చిపెట్టని టీచరు. పుస్తకం తెరిచేది, చదివించేది, వల్లె వేయించేది, గంట కొట్టగానే మూసేది. చుయ్ లోయలో, పల్లపు ఊళ్లో పెరిగి, పెళ్లయ్యాక నారిన్ కొండల మీదికి కాపురానికి వచ్చిన మనిషి. అక్కడి చలికి చేతులు పగిలినా ఓర్చుకుంది గానీ, నాలుగో తరగతి పిల్లల నిద్రమొహాలను మాత్రం ఓర్చుకోలేకపోయేది. వాళ్లు తెల్లారకముందే లేచి గొర్రెలకు మేత వేసి వచ్చేవాళ్లు. బడిలో బొగ్గుల పొయ్యి వెచ్చదనం తగలగానే ఒకరి భుజం మీద ఒకరు తూగేవాళ్లు.

ఒక శీతాకాలపు ఉదయం ఆమె అలవాటు ప్రకారం అడిగింది. "మంచు అంటే ఏమిటి?"

"ఘనస్థితిలో ఉన్న నీటినే మంచు అందురు," అని తరగతి మొత్తం రాగం తీసింది. కిటికీ అంచు దాకా మంచు పేరుకుని ఉంది. ఒక్కరు కూడా అటు చూడలేదు.

ఆమెకు ఏం తోచిందో, పుస్తకం పక్కన పెట్టింది. "బకెట్ నిండా మంచు తెచ్చి పొయ్యి మీద పెడితే ఎన్ని నీళ్లొస్తాయిరా?"

"బకెట్ నిండా," అన్నాడొకడు. "సగం," అన్నాడింకొకడు. వెనక బల్ల మీద కుండుజ్ అనే పిల్ల తల పైకెత్తింది. "అంత రావు ఎజే. మా అమ్మ టీకి మంచు కరిగిస్తే పోస్తానే ఉంటది, పోస్తానే ఉంటది, నీళ్లు అడుగునే ఉంటాయి." అక్కడ టీచరును ఎజే అనే పిలుస్తారు, సొంత అక్కను పిలిచినట్టు.

"మాటలెందుకు, తెచ్చి చూడండి," అంది కనిషాయ్.

రెండు బకెట్లు తెచ్చారు. ఒకటి తొక్కి తొక్కి నింపినది. "అది మోసం, నువ్వు కాలితో తొక్కావ్," అని ఒకడు, "తొక్కకూడదని ఎజే చెప్పిందా," అని ఇంకొకడు. మంచు కరిగేదాకా ఆ పోట్లాట ఆగలేదు. గంట కొట్టారు. ఎవ్వరూ లేవలేదు. తను వచ్చినప్పటి నుంచి ఆ గదిలో అలాంటి చప్పుడు వినలేదని కనిషాయ్‌కి అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆమె చేతికి దొరికిందల్లా బడికి చేరడం మొదలైంది. పాడైన రేడియోల్లోని అయస్కాంతాలు, మామగారి పాత కళ్లజోడు, బావి దగ్గర పనికిరాకుండా పడి ఉన్న గిలక, రంగురంగుల రాళ్లు. ఆమె భర్త సపర్ ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఏ పనిముట్టు కనబడకపోయినా, "ఇదిగో, మా రెంచీ నాలుగో తరగతి పాసయిందా, ఇంకా చదువుతోందా?" అని అడిగేవాడు. ఊళ్లో విందుకు గొర్రెను కోస్తే, గొట్టంతో సహా ఊపిరితిత్తులు ముందు బడికి వెళ్లి, ఆ తర్వాతే వంటింటికి వచ్చేవి. పిల్లలు వంతులవారీగా గొట్టంలోకి ఊదేవాళ్లు. ముడుచుకుపోయిన ఎర్రటి ముద్ద ఉబ్బి, లేతగులాబి రంగుకు తిరిగేది. ఊదినవాడు తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకునేవాడు.

గొర్రెలు ఈనే రోజుల్లో తరగతి సగం ఖాళీ అయ్యేది. ఆ ఏడు అలా కాలేదు. ఒకడు తన వంతు పోతుందని, తల్లి పాలివ్వని గొర్రెపిల్లను కోటులో దాచుకుని మరీ వచ్చాడు.

అందరికీ నచ్చిందని కాదు. కుండుజ్ తండ్రి ఎసెన్‌బెక్ ఒకరోజు గుర్రం మీద వచ్చి, దిగకుండానే కిటికీ తట్టాడు.

"ఎజే, ఊపిరితిత్తులు ఊదడానికైతే మా ఇంట్లోనే ఊదుకుంటది. బడికెందుకు?"

"ఇంట్లో ఎప్పుడైనా ఆ గాలి ఎటు పోతుందని అడిగిందా తమ్ముడూ?"

"ఇప్పుడు అడగతా ఉంది. అదే కదా నా బాధ. రొట్టె ముక్క నోట్లో పెట్టుకోనివ్వట్లేదు."

కనిషాయ్ నవ్వింది. అతను నవ్వకుండా గుర్రాన్ని తిప్పుకుని వెళ్లిపోయాడు.

బడిలో నిజమైన థర్మామీటర్లు రెండు ఉండేవి. హెడ్మాస్టరు తుర్దుబెక్ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. "పిల్లల చేతికిస్తే పగులుతాయమ్మా. పగిలితే నా మెడకు చుట్టుకుంటుంది," అనేవాడు. "తాళం వేస్తే పగలవు గానీ, వాటికి వేడీ తెలీదు, చలీ తెలీదు కదా అన్నా," అని ఆమె వెంటపడి ఎలాగో ఇప్పించుకుంది.

నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని పుస్తకంలో ఉంది. పిల్లలు పొయ్యి చుట్టూ మూగి చూశారు. నీళ్లు తెర్లుతున్నాయి, మూత ఎగురుతోంది. ఎర్రగీత తొంభై రెండు దగ్గర నిలబడి కదలనంటోంది. ఇంకా బొగ్గు వేశారు. ఐనా తొంభై రెండే.

"ఇది చెడిపోయింది," అంది కనిషాయ్. ఆమెకు నిజంగానే అలా అనిపించింది. రెండో థర్మామీటరు పెట్టారు. అదీ అంతే.

"రెండూ ఒకేలా చెడిపోతాయా ఎజే?" అంది కుండుజ్. కరిగే మంచులో పెట్టి చూద్దామని ఆ పిల్లే అంది. పెడితే రెండూ సరిగ్గా సున్నా చూపించాయి. కనిషాయ్ రెండు థర్మామీటర్లనూ తుడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత, "నాకు తెలీదర్రా. తెలుసుకుని చెప్తాను," అంది. టీచరు నోట ఆ మాట వాళ్లు వినడం అదే మొదటిసారి.

ఆమె తెలుసుకునే లోపే జిల్లా పరీక్ష వచ్చిపడింది. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయని అడిగారు. తరగతి తరగతంతా తొంభై రెండు అని రాసింది. తరగతి మొత్తానికీ ఆ మార్కు పోయింది. అందరూ ఒకే తప్పు రాశారంటే టీచరే తప్పు చెప్పి ఉంటుందని ఊళ్లో అనుకున్నారు. తుర్దుబెక్ థర్మామీటర్లు తీసుకెళ్లి మళ్లీ బీరువాలో పెట్టాడు. ఆ రాత్రి కనిషాయ్ పిండి కలుపుతూ, "రేపట్నుంచి పుస్తకమే చదివిస్తాను," అంది. సపర్ చేతులకంటిన నూనె తుడుచుకుంటూ, "చదివించు. వాళ్లు వింటారేమో చూడు," అన్నాడు.

వారం తిరక్కముందే జిల్లా నుంచి సైరా అసానోవ్నా వచ్చింది. ప్రాథమిక తరగతుల బాగోగులు చూసే పెద్దావిడ. కోప్పడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె పిల్లల మధ్య బల్ల మీద కూర్చుని, "నాకూ చూపించండి," అంది. తుర్దుబెక్ బీరువా తీసి థర్మామీటర్లు ఇచ్చాడు, పిల్లలు చూపించారు. తొంభై రెండు.

"పుస్తకం తప్పు కాదు, మీరూ తప్పు కాదు," అందావిడ. "మన నెత్తి మీద గాలి బరువుంటుంది. పల్లంలో ఎక్కువ, కొండ మీద తక్కువ. బరువు తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అంతకు మించి కాగవు. పుస్తకం రాసింది సముద్రం ఒడ్డు లెక్క."

అప్పుడు కుండుజ్ మెల్లగా అంది. "అందుకేనా వేసవి మేతకు పైకెళ్లినప్పుడు మాంసం ఎంతకీ ఉడకదు? మా నాయనమ్మ మా అమ్మనే తిడతది, మంట సరిగ్గా పెట్టలేదని."

సైరా అసానోవ్నా కళ్లజోడు తీసి ఆ పిల్ల వంక చూసింది. "అందుకేనమ్మా. మీ అమ్మ తప్పేం లేదు," అంది. మార్కులు మాత్రం తిరిగి రాలేదు. అది తన చేతిలో లేదని ఆవిడ ఉన్నమాట చెప్పింది. వెళ్లేముందు తుర్దుబెక్‌ను పక్కకు పిలిచి ఏం మాట్లాడిందో గానీ, బీరువా తాళంచెవి సాయంత్రానికి కనిషాయ్ బల్ల మీద ఉంది.

వేసవిలో కనిషాయ్ ఒక థర్మామీటరు తీసుకుని చుయ్ లోయలో పుట్టింటికి వెళ్లింది. అక్కడ తొంభై ఏడు. రెండోది మేత కొండల మీదికి ఎక్కింది. దాన్ని ఉన్నిలో చుట్టి, చొక్కా లోపల గుండెకు ఆనించుకుని గుర్రం మీద తీసుకెళ్లినవాడు ఎసెన్‌బెక్. గుడారం ముందు తల్లీ, భార్యా, కూతురూ చూస్తుండగా, షోర్పో అనే మాంసం పులుసు పెట్టాల్సిన కుండలో ముందు ఉత్తనీళ్లు మరగబెట్టాడు. తొంభై. అక్కడితో ఆగక కూతురిని వెనక ఎక్కించుకుని కనుమ దాకా వెళ్లాడు. అక్కడ ఇంకా తక్కువ. దిగి వచ్చాక బడి తెరిచే దాకా ఆగలేక కనిషాయ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎజే, ఎనభై తొమ్మిది. నా కళ్లతో చూశాను," అన్నాడు. ఈసారి గుర్రం దిగే వచ్చాడు.

కనిషాయ్ ఇప్పటికీ ఆ బడిలోనే చెబుతోంది. పాత బొగ్గుల గదికి పిల్లలూ తండ్రులూ కలిసి సున్నం వేస్తే, ఆమె సామానంతా అక్కడికి మారింది. కిందటి శరత్కాలంలో చుట్టుపక్కల బడుల టీచర్లను నేర్చుకోమని పంపారు. వాళ్లు పుస్తకాలు తెరిచి, కలాలు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. తలా ఒక బ్యాటరీ, చిన్న బల్బు, ఒకే ఒక తీగముక్క ఇచ్చి, "వెలిగించండి," అని తలుపు దగ్గర నిలబడింది.

ఎత్తు మడమల బూట్లతో వచ్చిన పట్నం టీచరమ్మ నేల మీద చతికిలబడింది. ఇద్దరు నడివయసు మగవాళ్లు రెండో తీగ కావాలని ఒకరి తీగ ఒకరు గుంజుకున్నారు. ముందు వెలిగించినావిడ ఎలాగో చెప్పనంటే చెప్పనంది. సపర్ రెండుసార్లు వచ్చి భోజనానికి పిలిచాడు. వాళ్ల కోసం వేయించిన మాంసం పక్కగదిలో చల్లారిపోయింది.