రేపల్లె ఐసు మీద కూర్చున్నాను

తొంభైల్లో తెనాలి శివార్లలో, మందుల ముడిసరుకు చేసే చిన్న ఫ్యాక్టరీలో పనిచేశాను. రియాక్టరంటే మూతబెట్టిన పెద్ద స్టీలు గుండిగ. అందులో మరిగిన ద్రవం చల్లారితే పంచదారలాంటి పలుకులు కట్టేవి. వాటిని వడగట్టి ఆరబోయడం మా ఆడవాళ్ల పని. ఆ సరుకు పేరు నాకిప్పటికీ నోరు తిరగదు.

ఆ ఎండాకాలం సరుకు త్వరగా కావాలని ఓనరు రేపల్లె నుంచి చేపలకు వాడే ఐసు దిమ్మలు తెప్పించి, గుండిగ చుట్టూ తిరిగే నీళ్ల తొట్లో వేయించాడు. పలుకు కట్టలేదు. అడుగున తేనెలాంటి నూనె దిగి, మురికినంతా తాగి, రాయిలా గడ్డకట్టింది. గునపాలతో పొడిచి తీశాం. తప్పు మాత్రం బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చే కెమిస్టు అమ్మాయి నెత్తిన పడింది.

"ఈసారీ నూనె దిగిందో, రేపట్నుంచి నువ్వు రైలెక్కక్కర్లేదు" అన్నాడు ఓనరు.

ఇంట్లో జీతం తెచ్చేది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ గడ్డనే మళ్లీ కరిగించింది.

"నెమ్మదిగా చల్లారాలి పిన్నీ," అంది నాతో. "కాస్త వేడి తగ్గాక పాత పలుకులు చిటికెడు వేస్తాను."

"పాలు తోడు పెట్టినట్టా?"

"అలాంటిదే. ఐసు మాత్రం పడకూడదు."

"ఆ మాట ఆయనతో చెప్పండి."

"చెప్పాను. వినలేదు."

"గట్టిగా చెప్పుండరు మీరు."

మధ్యాహ్నం ఓనరు రానే వచ్చాడు, ఐసు వేయమంటూ. నేను వెళ్లి ఐసు మీద కప్పిన గోనెపట్టా మీద కూర్చున్నాను.

"లే."

"కాళ్లు నొప్పులండి."

"కూర్చోడానికి ఐసే దొరికిందా?"

"చల్లగా బాగుందండి."

"ఉద్యోగం ఊడుద్ది!"

"కొల్లిపర వెళ్లి అరటితోట పని చేసుకుంటానండి. ఒక్కసారి ఆ అమ్మాయి చెప్పినట్టు కానివ్వండి. చెడితే ఇద్దర్నీ కలిపే పంపించండి."

అందరూ నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది, దాచుకోబోయి దొరికిపోయాడు. కుర్చీ తెప్పించుకుని నా ఎదుటే కూర్చున్నాడు. చీర తడిసి, కింద మొద్దుబారింది. నేను లేవలేదు.

ఎండ వాలేవేళ ఆ అమ్మాయి గుండిగ మూతకున్న అద్దం దగ్గర నుంచి కేకేసింది. "పిన్నీ, రా!"

నూనె చుక్క లేదు. తెల్లటి పలుకులు మెరుస్తూ తిరుగుతున్నాయి. ఓనరు కూడా తొంగిచూశాడు.

"రేపు పెందలాడే రా అమ్మాయ్. ఇంకో బ్యాచుంది" అన్నాడు. నావైపు తిరిగి, "ఆ ఐసు మజ్జిగలో వేసుకోండి" అన్నాడు.

"చేపల ఐసండీ అది!"

ఆ అమ్మాయే తర్వాత, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నా చేత అక్షరాలు దిద్దించింది. నాకు చెయ్యి తిరగడానికి చాలాకాలం పట్టింది. తనూ తొందరపెట్టలేదు.