పోచమ్మ పేరు చెప్పిన కోళ్ళు

నా భార్య పోయిన శుక్రవారం పొద్దున చనిపోయింది. సిద్దిపేటలో మా వాడకంతా తెలిసిన సంగతే. దూరాన ఉన్న మిత్రులకు కూడా తెలియాలని రాస్తున్నాను. జ్వరం తీసుకుపోయిందని అందరూ అంటున్నారు. నేను ఆ మాట అంత తేలికగా అనలేను.

ఆమెది నేతపని చేసే ఇల్లు. నాది బడిపంతులు ఉద్యోగం. హైదరాబాదులో కాలేజీ చదువు చదివిన నాకు కోడి గురించి తెలిసింది వండిన తరువాతి సంగతే. ఆమె కోళ్ళను కట్టేసి పెంచేది కాదు. "కాళ్ళున్నయి తిరగనీకే గద" అనేది. అవి పెంటకుప్పల మీద, ఇంటి వెనుక జొన్నచేని గట్ల మీద తిరిగేవి. ఆమె కళ్ళు వాటి వెంట తిరిగేవి.

గద్దల కోసం ఆమెకు ఒక ఉపాయం ఉండేది. పుట్టింట్లో నూలుకు అద్దగా మిగిలిన రంగు తెచ్చి కోడిపిల్లల వీపులకు పూసేది.

"గద్దకు కోడిపిల్ల ఎరుక. గులాబిపువ్వు నడుస్తదని ఎరుకనా?"

"పంతులు పెండ్లాం కోడిపిల్లలతోటి హోలి ఆడుతుందే!" అని వాడ ఆడవాళ్ళు నవ్వేవారు. తరువాత వాళ్ళే గిన్నెలు పట్టుకుని రంగు కోసం వచ్చారు. అడవిపిల్లి రాకుండా గూటి మీద తుమ్మకంప వేసేది. ముంగిస దూరే తూముకు రాయి అడ్డం పెట్టేది. ముంగిసకు విషం పెడదామని ఒకసారి నేనన్నాను. "దానికీ పిల్లలుంటయి. తొవ్వ మూస్తె సాలు" అంది.

రాళ్ళకూ కంపలకూ ఆగని జంతువు ఒకటి ఉంది. దౌరా మీద, అంటే ఊళ్ళ తనిఖీకి, వచ్చే ప్రతి అధికారి డేరాకూ కోళ్ళు కావాలి. అధికారి బంట్రోతు, చప్రాసి, వాడలో పడి దొరికినవి దొరికినట్టు పట్టుకుపోతాడు. అడగడం లేదు, ఇవ్వడం లేదు. దీన్ని మామూలు అంటారు. దొంగతనానికి ఇంత మర్యాదైన పేరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"ఆకలితోటి వచ్చినదాన్ని తరుముత. హుకుంతోటి వచ్చినోన్ని ఏం జెయ్యాలె?" అని ఆమె ఒకనాడు అడిగింది. జవాబు ఆమే వెతుక్కుంది.

మా దిక్కున పోచమ్మకు మొక్కిన కోడి కాలికి పసుపుదారం కడతారు. పండుగనాడు అమ్మవారి ముందు తప్ప దాన్ని కోయరు. పరాయివాడు ముట్టడు. ఆమె ఉన్న కోళ్ళన్నిటికీ దారాలు కట్టి మొక్కేసింది. వాడలో మరెవరూ అంత పని చేయలేదు. అన్నీ మొక్కేస్తే తాము కోసుకునేదేమిటని వాళ్ళ భయం.

చప్రాసి వచ్చి దారాలు చూశాడు.

"గిన్ని పోచమ్మవేనా అక్కా?"

"గవే."

"అమ్మకు గింత ఆకలా?"

"మీ సాబు కంటె తక్కువనే తమ్మీ. నమ్మకం లేకుంటె పోయి అమ్మనే అడుగు."

వాడు లెంపలు వేసుకుని పోయాడు. వాడ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమెను పట్టిన జ్వరం దిగింది గాని ఆమెకు లేచే బలం రాలేదు. కోడిరసం పట్టమన్నాడు వైద్యుడు. ఆ వారమే ఊరి బయట డేరాలు పడ్డాయి. వాడలో కోడి మిగల్లేదు. సంతకు వచ్చినవాటిని సంతలోనే పట్టుకున్నారు. ఉన్నవి మా గూటిలోవే. నేను కత్తి తీసుకున్నాను. ఆమె మంచం మీద నుంచి చూసింది.

"దారం తెంపకు."

"అది చప్రాసి కోసం చెప్పిన మాట."

"చప్రాసికి చెప్పిందైతె తప్పుదును. అమ్మకు చెప్పిన."

కత్తి పక్కన పెట్టేశాను. ఆ రసం తాగితే బతికేదని నేను అనను. వైద్యుడూ అనలేదు. కాని పెంచిన మనిషి నోటికి అందని కోడి, ఎన్నడూ గుప్పెడు గింజలు వేయనివాడి పళ్ళెంలోకి ఏ న్యాయాన పోతుంది? తన కోడిని తాను కాపాడుకోవడానికి ఒక ఆడమనిషి దేవతను అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. సిగ్గు ఎవరికి ఉండాలి?

చేర్యాలలో ఉన్న ఆమె అన్నకు ఆ రోజే కోడి కోసం కబురు పంపాను. ఆయన శుక్రవారం మధ్యాహ్నం నల్లకోడితో వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూశాడు. దాన్ని చంకలోంచి దించడం మరిచిపోయి, అట్లాగే నిలబడి ఏడ్చాడు. తరువాత దాన్ని ఎవరు విడిచారో తెలియదు. మిగతావాటితో కలిసిపోయింది.

నిన్న చప్రాసి మళ్ళీ వచ్చాడు. చావు జరిగిన ఇల్లని గడప అవతలే ఆగాడు. కళ్ళు మాత్రం లోపలికి వచ్చాయి.

"పంతులూ, గా నల్లదానికి దారం లేదు గద."

నేను లేచి దాన్ని పట్టుకున్నాను. కోళ్ళను పట్టడం నాకు చేతకాదు. చేయంతా గీరింది.

"ఇది పోచమ్మది కాదు" అన్నాను.

"మరి ఎవ్వలది?"

"మా ఇంటామెది."

వాడు కదలలేదు. నేనూ కదలలేదు. రెక్క కింద దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటూనే ఉంది.