చెరకు తెచ్చానన్న మనిషి

మొన్న బోధన్ మీదుగా వస్తుంటే, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ కనబడి, ఒకనాడు దాహమంటూ మా గడప ముందు నిలబడిన మనిషి గుర్తొచ్చాడు. “ఫ్యాక్టరీకాడ బండ్లు లైన్ల ఉన్నయమ్మా, నా చెరుకు దించేసరికి రేపైతది” అన్నాడతను. చెంబు అందిస్తూ అతని వైపు మళ్లీ చూశాను. చెరకు ఆడించేది చలికాలంలో. అప్పుడేమో ఎండలు మండుతున్నాయి, చిమ్నీలో పొగ లేదు, గాలిలో మడ్డి వాసన లేదు. లోపల మా అన్న అన్నం తింటున్నాడు.

అన్న ఎక్కడో ఉత్తరాదిన, పేరు బయటికి చెప్పకూడని ఒక సర్కారు అణుకేంద్రంలో పనిచేసేవాడు. అక్కడి విషపు నీళ్లు వాగులో కలుస్తున్నాయనీ, ఆ వాగు నీళ్లే తాగుతున్న పల్లెలకు ఆ మాట చెప్పడం లేదనీ తెలిశాక అతనికి నిద్ర పట్టలేదు. మావారు పట్నం పత్రికకు విలేకరి. అన్న నోట స్వయంగా వింటేనే అచ్చువేస్తామన్నారు సంపాదకులు. ఈలోగా దొరికితే ఇద్దరికీ జైలే.

పక్కింటి ఖాలాకూ మాకూ మధ్య గోడలో, ఆడవాళ్లు వీధిలోకి రాకుండా మసలుకోవడానికి చిన్న తలుపుండేది. అందులోంచి వెళ్లి, గడప ముందున్నది మఫ్టీ పోలీసేనని చెప్పాను. “మా కోడలు పుట్టింటికి పోతున్నదనుకుంటరు, పరదా కట్టిన టాంగాను ఎవడాపుతడు బిడ్డా” అంది. తన బురఖా తొడుక్కున్న అన్నను చూసి, “మీసాలు బయటికి రానియ్యకు బేటా, నా ఇజ్జత్ పోతది” అని నవ్వింది. టాంగా పోతుంటే ఆ చెరకు మనిషి మర్యాదగా మొహం అటు తిప్పుకున్నాడు. కబురందుకున్న మావారు ఊరి చివర అన్నను కలుసుకొని పట్నం బస్సెక్కించారు.

వార్త అచ్చయింది, ఆ పల్లెలకు వేరే నీళ్లు వచ్చాయి, అన్నకు ఉద్యోగం పోయి జైలు మిగిలింది. అవన్నీ తర్వాతి సంగతులు. నాలో నిలిచిపోయింది మాత్రం మరునాటి ఉదయం. అబద్ధమాడితే బెత్తం తీసే నేనే పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, ఎవరడిగినా మామ రానేలేదని చెప్పాలన్నాను. చిన్నది కొయ్యగుర్రాన్ని పొట్టకు హత్తుకొని, “మరి గిది ఎవరు తెచ్చిండ్రంటే?” అంది. బాపు తెచ్చిండని చెప్పమన్నాను.

ఇప్పుడు ఖాలా లేదు, అన్నా లేడు, గోడలోని తలుపును ఎప్పుడో ఇటుకలతో పూడ్చేశారు. ఆరా తీసే పోలీసులూ లేరు. అయినా ఆ గుర్రం ఎవరిచ్చారని మనవలు అడిగితే, తల నెరిసిన నా కూతురు ఒకసారి నా వైపు చూసి, ఇప్పటికీ బాపు తెచ్చిండనే చెబుతుంది.