మాల్టాలో నేను చూసిన నది

ఆ రోజుల్లో సింగపూర్‌లో కంప్యూటరు తెలిసినవాడికన్నా బయోడేటా అల్లడం తెలిసినవాడికే గిరాకీ. హౌగాంగ్‌లో ఒకే ఫ్లాట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. అందరికన్నా ముందొచ్చినాయన్ని బయోడేటా బావ అనేవాళ్లం (ఆయన ఎవరికీ బావ కాడు). నా కాగితం చూసి పెదవి విరిచాడు. "ఫారిన్ అనుభవం లేకపోతే ఎవడు పిలుస్తాడ్రా? మాల్టాలో ఏడాది పనిచేశావని రాస్తున్నా" అన్నాడు. "అదెక్కడుంది బావా?" అన్నాను. "మధ్యధరా సముద్రంలో, చిటికెడంత ద్వీపం. అక్కణ్ణుంచి వచ్చినవాడు ఈ ఊళ్లో ఎవడుంటాడు గానీ, నువ్వు నోరు మూసుకో!" మూసుకున్నాను.

ఉన్నాడండీ! రాఫెల్స్ ప్లేస్‌లో నన్ను తీసుకున్న ఆఫీసులో మా పైఅధికారే మాల్టావాడు. తెల్లజుట్టు పెద్దాయన, సొంత ఊరు చూసి ఇరవయ్యేళ్లు దాటిందట. మొదటిరోజే సంబరంగా నా పక్కన కూర్చుని, "సాయంత్రాలు అక్కడేం చేసేవాడివి?" అనడిగాడు. రాజమండ్రిలో పెరిగినవాడికి సాయంత్రమంటే ఇంకేం తోస్తుంది? "నది ఒడ్డున కూర్చునేవాణ్ణి సార్" అనేశాను. ఆయన నావంక ఒక్క క్షణం చూసి "బావుండేదా?" అన్నాడు. "భలే గాలి సార్, పడవలూ అవీ..." అని ఇంకా పొడిగించాను (ఆపేవాడు లేకపోయాడు).

మూడు నెలల్లో నా పని నచ్చకపోతే వర్క్ పాస్ రద్దు, ఇంటికి విమానం. మా వీధివాళ్లు దండలేసి సాగనంపారు. ఏ మొహం పెట్టుకుని తిరిగి దిగను? లైబ్రరీకి పరుగెత్తి మాల్టా పుస్తకం తెచ్చాను. పగలంతా రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో తారీఖులు సరిచేయడం, పోతూ వస్తూ బస్సులో నిలబడి మాల్టా చదవడం. చదివి చదివి కళ్లు మండేవి. మధ్యాహ్నం తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ ప్లేటు పట్టుకుని పెద్దాయన నా ఎదుట కూర్చునేవాడు. "ఊఁ, ఇవాళ ఏం గుర్తొచ్చింది?" అప్పజెప్పేవాణ్ణి. పసుపురాతి ఇళ్లు, వాటికి రంగురంగుల చెక్క బాల్కనీలు, ముక్కున రెండు కళ్లు గీసిన చేపల పడవలు, ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఏలిపోవడం, అరబ్బు వేళ్ల మీద ఇటలీ పూలు పూసిన వాళ్ల భాష, కుందేలు కూర (శాకాహారినైన నేను దాని రుచి కూడా వర్ణించాను, పాపం శమించుగాక). ఆయన తినడం మానేసి వినేవాడు.

రెండో నెల్లో ఒక ఉదయం బస్సులో ఆ వాక్యం కనబడింది: ఈ ద్వీపంలో నదులు లేవు. ఒక్కటంటే ఒక్కటి కూడా! దిగాల్సిన స్టాపు దాటిపోయినా తెలియలేదు. అప్పట్నుంచీ ఆయన పిలిస్తే చాలు, నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. అలా భయపడీ భయపడీ, చివరికి భయపడే ఓపిక కూడా లేకుండా పోయింది.

మూడు నెలల గడువు రోజున పిలిచాడు. బల్లమీద నా కాగితాలు, ఆయన చేతిలో కలం. ఇక మొయ్యలేక, "సార్, నేను మాల్టా చూడలేదు. బయోడేటాలో ఉత్తినే రాశారు" అనేశాను. ఆయన సంతకం పెట్టేసి కలం మూత బిగించాడు.

"నది అన్నరోజే తెలుసు."

"మరి రోజూ ఎందుకడిగారు సార్?"

"ఆ ద్వీపం ఊసెత్తితే మా పిల్లలు లేచి వెళ్లిపోతారు. నువ్వు రోజూ చదువుకొచ్చి మరీ చెప్పావు. నీ పని కూడా బాగానే ఉంది. ఇంతకీ ఆ నది ఎక్కడిది?"

"మా ఊరిది సార్. గోదావరి."

"అయితే రేపట్నుంచి దాని గురించి చెప్పు. దానికి పుస్తకమేం అక్కర్లేదుగా."

నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను కూడా. మర్నాడు నూడుల్స్ ముందు ఉత్సాహంగా మొదలుపెట్టాను. రెండు రోజుల్లో అయిపోయింది! రేవు, రైలు వంతెన, వరద, పులస. ఎక్కడ పుట్టింది, ఎన్ని పాయలైంది, ఒడ్డున ఎవరెవరు ఏలారు అనడిగితే నీళ్లు నమిలాను. మాల్టా బాల్కనీల రంగులు చెప్పగలవాణ్ణి, ఇరవై రెండేళ్లు స్నానం చేసిన నది గురించి మూడో రోజుకి మాట లేదు.

ఆ సాయంత్రం మళ్లీ అదే లైబ్రరీకి వెళ్లి, కౌంటర్ దగ్గర ఆంటీని గోదావరి మీద పుస్తకముందా అనడిగాను. "మాల్టా అయిపోయిందా లా?" అని ఆ ఊరి యాసలో అడిగి నవ్విందావిడ. మాల్టా నేను ఇప్పటికీ చూడలేదు. ఆ అలసిపోయిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది: ఊరు వదిలి అంత దూరం వచ్చి, తన నదిని బస్సులో నిలబడి చదువుకున్నాడు.