మైలపడిన స్టీలు కత్తి

తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడిన ఏడాది నేను దంతాలపల్లిలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. ఆయన హైదరాబాదు నుంచి స్టీలు కత్తి తెచ్చుకున్నాడు. రోజూ ఉప్పులో ఊరిన నిమ్మకాయను దానితో కోసుకుని, కండువాకు ఒక్క తుడుపు తుడిచి గూట్లో పెట్టేవాడు. "ఇస్టీలుకు నీళ్లెందుకురా" అనేది ఆయన ఊతపదం.

వానాకాలంలో కత్తి మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మామ తన కోడలి వైపు, అంటే మా వదిన వైపు తిరిగాడు.

"ముట్టుల ఉండి ముట్టినవ్. గిది తుప్పు గాదు, మైల. రేపే తల్లిగారింటికి నడువు. నేను పిలిచేదాక రాకు."

స్టీలును కాపాడేది దాని మీదుండే కంటికి కనబడని పలచటి పొర అనీ, ఉప్పూ పులుపూ కడగకుండా వదిలేస్తే దాన్ని తినేస్తాయనీ చెప్పాను.

"నాలుగు బుక్కులు సదివి ఇనుముకు వైద్యం జేస్తున్నవా?" అన్నాడు.

అయితే మచ్చలు తోమి, ఎప్పటిలాగే నిమ్మకాయ కోసి, కత్తిని తన పూజగదిలో పెట్టి తాళం వేసుకోమన్నాను. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. వారం తర్వాత తలుపు తీస్తే మచ్చలు మళ్లీ ఉన్నాయి.

మామ తొణకలేదు. "పూజల కూసున్నప్పుడు ఈమె మనసుల మెదిలింది. గందుకే పట్టింది." అంత తెలివి ఆయన ఎన్నడూ వ్యవసాయం మీద పెట్టలేదు.

గడప అవతల నుంచి వదిన అన్నది: "నేను తల్లిగారింటికి వోతె ఇంకెక్కువ యాదికొస్త మామా. జర కడిగి పెట్టు."

వదిన వెళ్లలేదు. మామ రోజూ కత్తిని తనే పసుపునీళ్లతో కడిగాడు, మైల పోవడానికట. తుప్పు మళ్లీ రాలేదు. ఆ ఘనతను చచ్చేదాకా పసుపుకే ఇచ్చాడు.