విరబోసిన జుట్టు

ఆమె పేరు అడగలేదు గానీ, ఆమె మీద నా కుళ్లు ఇంకా పోలేదు.

మా వైపు టెంటు సినిమాలు కొత్తగా వస్తున్న రోజులవి. ముదిగుబ్బ బస్సులో ఏడో నెల కడుపుతో నిలబడ్డాను. నా కోసం ఒక్కరూ లేవలేదు. తెల్లజుట్టు విరబోసుకున్న ఒక ముసలామె ఎక్కగానే మాత్రం ముగ్గురు లేచి ఆమెకు సీటంతా వదిలేశారు. టెంటు సినిమాలో మంత్రగత్తె అచ్చం అలాగే ఉండేది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"బయపడొద్దు పాపా," అంది నా చెవిలో. "నాకు ఏ మంత్రాలూ రావు. ఆ సినిమా రాకముందు నేనూ నిలబడుకోనే పోతాంటి. ఇప్పుడు బస్సు ఎక్కేముందు కొప్పు ఇప్పుకుంటా, అంతే. దిగేముందు మళ్లీ కట్టుకుంటా. ఇట్లే ఊర్లోకి పోతే రాళ్లతో కొడతారు."

దిగేముందు నిజంగానే కొప్పు కట్టుకుంది.

ఇప్పుడు నాదీ ఆమె వయసే. మొన్న అదే బస్సు ఎక్కేముందు నేనూ కొప్పు విప్పాను. ఒక్కరూ కదల్లేదు. కండక్టరు మాత్రం, "జుట్టు ముడేసుకో అవ్వా, అందరి మొకాన పడతాండాది" అన్నాడు.

ముడేసుకుని, ముదిగుబ్బ దాకా నిలబడే పోయాను.